సీజన్ మొదలయ్యేలోపు ఒక్క ఆదివారం ఇవ్వండి

తిరుపతి, చిత్తూరు జిల్లాల వర్తక సంఘాలు, లాడ్జి యజమానుల సంఘాలు, మామిడి గుజ్జు ఫ్యాక్టరీల సంఘాలు, లారీ యజమానుల సంఘాల పెద్దలందరికీ

నమస్కారం.

తిరుపతిలో ఇరవై ఏళ్ళుగా అకౌంట్లు రాస్తున్నాను. రైల్వే స్టేషన్ దగ్గర రెండు లాడ్జిలు, గాంధీ రోడ్డులో ఒక బట్టల షాపు, రేణిగుంట వైపు ఒక లారీ ట్రాన్స్‌పోర్ట్, చిత్తూరు అవతల ఒక మామిడి గుజ్జు ఫ్యాక్టరీ, ఇలా పద్దెనిమిది చోట్ల లెక్కలు నా చేతిలో ఉన్నాయి. జీఎస్టీ గడువు ఇరవయ్యో తారీఖు దగ్గర పడితే నాకు ఫోన్ చేసేవాళ్ళు మీలోనే చాలామంది ఉన్నారు. నేను కంప్యూటర్ ఇంజనీర్‌ని కాను. కానీ దొంగలు ఒక్క కంప్యూటర్‌లోని ఫైళ్ళకు తాళం వేసి డబ్బు అడిగితే వ్యాపారం మొత్తం ఎలా ఆగిపోతుందో దగ్గరుండి చూశాను. అప్పుడు చెప్పాల్సిన మాట చెప్పకుండా ఊరుకున్నాను. ఇప్పుడు చెబుతున్నాను.

కొన్నేళ్ళ కిందటి జూన్ నెల. తోతాపురి మంచి ఊపు మీద ఉంది. ఫ్యాక్టరీ గేటు బయట రోడ్డు పొడవునా ట్రాక్టర్లు. ఒక ఆదివారం సాయంత్రం, ఆఫీసు కంప్యూటర్‌లో ఏదో సాఫ్ట్‌వేర్ లైసెన్స్ అయిపోయిందని మెసేజ్ వస్తోందని సర్వీస్ కుర్రాడిని పిలిచారు. ఎప్పుడూ వచ్చే అబ్బాయే. కొత్తది కొందామంటే యజమాని "సీజన్ అయినాక చూద్దాం, ఇప్పటికి ఏదో ఒకటి చెయ్" అన్నారు. అబ్బాయి తన పెన్‌డ్రైవ్ పెట్టి క్రాక్, అంటే లైసెన్స్ కొనకుండా నడిపించే దొంగ ప్రోగ్రామ్, ఎక్కించాడు. యాంటీవైరస్ అడ్డుపడితే దాన్ని ఆపేశాడు. కాసేపటికి విండోస్ అప్‌డేట్ అవుతోందని తెర మీద ఒక బాక్స్ వచ్చింది. అప్‌డేటే కదా అని కంప్యూటర్‌ను అలాగే వదిలేసి తాళాలు వేసుకుని వెళ్ళిపోయారు. అది విండోస్ బాక్స్ కాదు. దాని చాటున ఒక్కో ఫైలుకూ తాళం పడుతూ పోయింది.

సోమవారం పొద్దున నేను వెళ్ళేసరికి ఫైళ్ళన్నీ ఎక్కడివక్కడే ఉన్నాయి. పేర్లూ అవే. పేరు చివర మాత్రం నాలుగు అక్షరాల తోక ఒకటి కొత్తగా చేరింది. ఏది నొక్కినా తెరుచుకోదు. ప్రతి ఫోల్డర్‌లోనూ ఇంగ్లీషులో ఒక చీటీ. కంగారు పడొద్దు, మీ ఫైళ్ళన్నీ వెనక్కి వస్తాయి, 980 డాలర్లు కట్టండి, 72 గంటల్లోపు మాట్లాడితే సగానికే ఇస్తాం అని. మన లెక్కలో డెబ్బై వేల పైమాట. నమ్మకం కోసం ఒక ఫైలు ఉచితంగా తెరిచి చూపిస్తామని కూడా రాశారు. అది చదువుతుంటే నాకు కాళ్ళల్లో వణుకు వచ్చింది. ఇదే రాన్సమ్‌వేర్ అని, అందులోనూ చిన్న వ్యాపారాల మీద, క్రాక్ సాఫ్ట్‌వేర్ వెతుక్కునేవాళ్ళ మీద పడే రకం ఇదని తర్వాత తెలిసింది.

బ్యాకప్ లేదా అని అడుగుతారు. ఉంది. రోజూ సాయంత్రం ఒక పెన్‌డ్రైవ్‌లోకి కాపీ అయ్యేది. ఆ పెన్‌డ్రైవ్‌ను కంప్యూటర్ నుంచి ఎవరూ ఎప్పుడూ తీయలేదు. దాంట్లో ఫైళ్ళకూ అదే తోక. గూగుల్ డ్రైవ్‌లో ఇంకొక కాపీ ఉందన్నారు. అది ఇక్కడ ఫైలు ఎలా మారితే అక్కడా అలాగే మార్చుకుంటుంది కాబట్టి, తాళం పడిన ఫైళ్ళే అక్కడికీ చేరిపోయాయి. పాత వెర్షన్లు కొన్ని రోజులపాటు అక్కడ దాగి ఉంటాయని, వెనక్కి తీసుకోవచ్చని మాలో ఎవరికీ తెలియదు. తెలిసేసరికి ఆ గడువు దాటిపోయింది.

కాటా లెక్కలు కూడా ఆ కంప్యూటర్‌లోనే. ఏ రైతు ఏ రోజు ఎన్ని టన్నులు దించాడు, ఎంత అడ్వాన్స్ తీసుకున్నాడు, ఎంత బాకీ, అన్నీ. రైతుల దగ్గర కాటా చీటీలు ఉంటాయి కదా, వాటిని బట్టి రాసుకుందాం అనుకున్నాం. ఆ మధ్యాహ్నం బంగారుపాళ్యం వైపు నుంచి వచ్చిన ఒక పెద్దాయన చొక్కా జేబులోంచి చీటీ తీసి కిటికీలోంచి ఇచ్చాడు. కాటా దగ్గర వాడేది బస్సు టికెట్ మాదిరి కాగితం, వేడికి అచ్చు పడే రకం. వారం రోజులు జేబులో చెమటకు నాని, ఎండకు కాగి, అచ్చు వెలిసిపోయింది. వెలుగుకు ఎత్తి పట్టుకుని చూశాను. తేదీ ఉంది. బండి నంబరులో చివరి రెండు అంకెలు ఉన్నాయి. బరువు ఉండాల్సిన చోట బూడిద రంగు మరక. "ఐదు టన్నుల చిల్లర అమ్మా, నాకు బాగా గుర్తు" అన్నాడాయన. ఆయన మాట మీద నాకేం అనుమానం లేదు. ఆ చిల్లర ఎంతో తెలియకుండా ఓచర్ మాత్రం రాయలేను. ఆయన ఆ చీటీని మళ్ళీ నాలుగు మడతలు పెట్టి జేబులో పెట్టుకుని, బయట వేపచెట్టు కింద సాయంత్రం దాకా కూర్చున్నాడు. కూతురి కాలేజీ ఫీజు కట్టాలట.

చివరికి మమ్మల్ని గట్టెక్కించింది వాచ్‌మన్ పుస్తకం. కంప్యూటర్ వచ్చాక ఇంకెందుకయ్యా అని ఎంతమంది అన్నా ఆయన మానకుండా లోపలికొచ్చిన ప్రతి బండి నంబరు, కాటా అబ్బాయిని అడిగి బరువు, పెన్సిల్‌తో రాసుకుంటూ వచ్చాడు. ఆ పుస్తకం పక్కన పెట్టుకుని నేనూ ఇంకో ఇద్దరు ఆడపిల్లలూ 23 రోజులు రాత్రింబవళ్ళు మళ్ళీ ఎంట్రీలు కొట్టాం. రైతులకు డబ్బు ఆలస్యమైంది. నెలనెలా వేసే జీఎస్టీ 3బీ రిటర్న్ గడువు దాటి రోజుకు 50 రూపాయల ఫీజు, పన్ను మీద 18 శాతం వడ్డీ పడ్డాయి. వార్షిక రిటర్న్ గడువు నుంచి 72 నెలల పాటు పుస్తకాలు భద్రంగా ఉంచమంటుంది జీఎస్టీ చట్టం. దొంగ మాకిచ్చింది 72 గంటలు.

అసలు నేను ఈ ఉత్తరం రాస్తున్నది ఇక్కడి నుంచి జరిగిన దాని గురించి.

"ఈ సంగతి గేటు దాటకూడదు మేడం. బ్యాంకు వాళ్ళకు తెలిస్తే లిమిట్ రెన్యువల్ దగ్గర అడ్డం పెడతారు. ఎక్స్‌పోర్ట్ పార్టీ భయపడతాడు" అన్నారు యజమాని. ఆయన భయం ఆయనది, నేను తప్పు పట్టను. పోలీసులకు చెప్పలేదు. సంఘంలో చెప్పలేదు. ఆ సర్వీస్ కుర్రాడికి కూడా ఏమీ చెప్పలేదు, పిలవడం మానేశారు, అంతే. పన్నెండు రోజుల తర్వాత అదే అబ్బాయి అదే పెన్‌డ్రైవ్‌ను తిరుపతిలో ఒక లాడ్జి రిసెప్షన్ కంప్యూటర్‌లో పెట్టాడు. మర్నాడు నాకు ఫోన్ చేసి ఏడ్చాడు. "అక్కా, ఫ్యాక్టరీలో ఇట్లా అయిందని ఒక్క మాట చెప్పుంటే ఆ పెన్‌డ్రైవ్ ఆ రోజే పగలగొట్టేసేవాణ్ణి కదా" అన్నాడు. నా దగ్గర జవాబు లేదు. ఆ పన్నెండు రోజుల్లో ఏ రోజైనా నేను చెప్పి ఉండొచ్చు. యజమాని వద్దన్నారని నేనూ నోరు మూసుకున్నాను.

పెద్దలు దయచేసి ఈ సంగతి మీద కాస్త నిలబడి ఆలోచించండి. మన ఊళ్ళలో షాపుకొక కంప్యూటర్ ఇంజనీర్ లేడు. ఒక్కో అబ్బాయి ముప్పై, నలభై చోట్ల చూసుకుంటాడు. చాలాచోట్ల ఒకే పాస్‌వర్డ్ పెడతాడు, గుర్తుండాలి కదా. ఎవరైనా పిలిస్తే ఇంటి నుంచే చూడటానికి అన్ని కంప్యూటర్లలోనూ రిమోట్ సాఫ్ట్‌వేర్ ఎక్కించి తెరిచి ఉంచుతాడు. సర్వర్ ఉన్న చోట, దూరం నుంచి దాన్ని నడిపే రిమోట్ డెస్క్‌టాప్‌ను నేరుగా ఇంటర్‌నెట్‌కు వదిలేస్తారు. దొంగలు అలాంటి తలుపుల కోసమే ప్రపంచమంతా రాత్రింబవళ్ళు తడుముతూ ఉంటారు, పాస్‌వర్డ్‌లు ఒక్కొక్కటే వేసి చూస్తూ ఉంటారు. అంటే మనవాళ్ళు నలభై మంది ఒకే తాళంచెవి వాడుతున్నారు. ఒకరి ఇంట్లో దొంగ పడి ఆ తాళంచెవి పోతే మిగతా ముప్పై తొమ్మిది మందికి తెలియాలి. మన దగ్గర తెలియడం లేదు.

ఇది చిన్నవాళ్ళకే వచ్చే కష్టమనీ అనుకోవద్దు. 2024 జూలై 31న చిన్న బ్యాంకులకు సాఫ్ట్‌వేర్ నడిపే ఒక్క సంస్థకు రాన్సమ్‌వేర్ తగిలితే, జాగ్రత్త కోసం ఆ సంస్థను చెల్లింపుల వ్యవస్థ నుంచి విడదీశారు. దేశంలో దాదాపు 300 సహకార, గ్రామీణ బ్యాంకుల ఖాతాదారులకు యూపీఐ, ఏటీఎం ఆగిపోయాయి. అక్కడ ఆ సంగతి దాచకుండా బయటికి చెప్పారు, మర్నాటికల్లా మళ్ళీ కలిపారు. 2017 మే 12న వన్నాక్రై అనే రాన్సమ్‌వేర్ వచ్చినప్పుడు దాదాపు 150 దేశాల్లో రెండు లక్షలకు పైగా కంప్యూటర్లు పడిపోయాయి. మన రాష్ట్రంలో చిత్తూరు సహా కొన్ని జిల్లాల పోలీసు కంప్యూటర్లకూ అది తగిలింది. టీటీడీ ఆఫీసు కంప్యూటర్లు కొన్నిటికీ తగిలింది. పేపర్లలో అంతా వచ్చింది. దానివల్ల వాళ్ళ పరువేమీ పోలేదు. పైగా ఆ వార్తలు చూసే నేను ఆ వారంలో నా క్లయింట్ల కంప్యూటర్లన్నిటికీ అప్‌డేట్లు వేయించాను. వన్నాక్రై లోపలికి వచ్చిన దారిని మూసే అప్‌డేట్‌ను మైక్రోసాఫ్ట్ రెండు నెలల ముందే ఇచ్చింది. వేసుకోనివాళ్ళు మునిగారు. ఇప్పుడు విండోస్ 10కి 2025 అక్టోబర్ 14తో మామూలు అప్‌డేట్లు ఆగిపోయాయి. మన రిసెప్షన్లలో, కాటాల దగ్గర ఇంకా ఎన్ని కంప్యూటర్లు దాని మీదే నడుస్తున్నాయో ఒకసారి లెక్క తీయించండి.

లారీ యజమానులకు ఒక మాట. ఇంగ్లండ్‌లో కేఎన్‌పీ అని 158 ఏళ్ళ చరిత్ర ఉన్న రవాణా సంస్థ ఉండేది. 500 లారీలు తిప్పేది. 2023లో ఎవరో ఉద్యోగి పెట్టుకున్న తేలికైన పాస్‌వర్డ్‌ను ఊహించి దొంగలు లోపలికి వచ్చారని చెబుతారు. లెక్కల డేటా పోయింది, బ్యాంకులకు చూపించడానికి కాగితం లేదు. కొన్ని నెలల్లోనే సంస్థ మూతపడింది. 700 మందికి పైగా ఉద్యోగాలు పోయాయి. లారీలన్నీ బాగానే ఉన్నాయి. లెక్కలు లేకపోతే లారీలుండీ నిలబడలేకపోయారు.

మరి డబ్బు కట్టేస్తే పోదా అని ఆ రోజు మా యజమానీ అడిగారు. దొంగలు అడిగే ఇంటర్‌నెట్ డబ్బు బిట్‌కాయిన్ ఎక్కడ కొనాలో తెలియక గడువు దాటిపోయింది, అది మా అదృష్టం. కట్టినవాళ్ళ సంగతి చూడండి. 2021లో అమెరికాలో పెట్రోలు, డీజిల్ చేరవేసే కొలోనియల్ పైప్‌లైన్ సంస్థ 44 లక్షల డాలర్లు కట్టింది. దొంగలిచ్చిన తాళంచెవి ఎంత నెమ్మదిగా పనిచేసిందంటే, వాళ్ళు చివరికి తమ బ్యాకప్‌ల మీదే ఆధారపడాల్సి వచ్చింది. 2024 ఫిబ్రవరిలో లాక్‌బిట్ అనే ముఠా సర్వర్లను పోలీసులు పట్టుకుంటే, డబ్బు తీసుకుని తుడిచేశామని చెప్పిన డేటా కూడా అందులో అలాగే ఉంది.

ఆ చివరి ముక్క లాడ్జి యజమానులు ఇంకోసారి చదువుకోవాలి. ఇప్పటి ముఠాలు తాళం వేయడంతో ఆగవు. ముందు డేటాను ఎత్తుకుపోతారు, కట్టకపోతే బయటపెడతామంటారు. మన లాడ్జి కంప్యూటర్లలో ఏముంది? దేశం నలుమూలల నుంచి స్వామి దర్శనానికి వచ్చినవాళ్ళ ఆధార్ కార్డులు, ఫోన్ నంబర్లు, పిల్లల ఫొటోలతో సహా. నేను చూసే ఒక లాడ్జిలో ఆరేళ్ళ కిందటి స్కాన్లు కూడా డెస్క్‌టాప్ మీద ఒక ఫోల్డర్‌లో ఉండేవి. ఇలాంటి దొంగతనానికి బ్యాకప్ ఏమీ చేయలేదు. ఉంచుకోకపోవడమే మందు. రిజిస్టర్‌కు కావలసినంత రాసుకోండి, మొదటి ఎనిమిది అంకెలు కనపడని మాస్క్‌డ్ ఆధార్ తీసుకోండి, పాతవి తీసేయండి. 2023లో వచ్చిన వ్యక్తిగత డేటా రక్షణ చట్టంలో, డేటాను సరిగ్గా కాపాడకపోతే 250 కోట్ల దాకా జరిమానా రాసి ఉంది. చట్టం సంగతి పక్కన పెట్టినా, మొక్కు తీర్చుకోవడానికి వచ్చిన మనిషి మన చేతిలో పెట్టిన కార్డు అది.

ఇక బ్యాకప్ గురించి. నేను ఆ జూన్ తర్వాత నా క్లయింట్లందరి దగ్గరా రెండు పోర్టబుల్ హార్డ్ డిస్కులు కొనిపించాను. ఒకరోజు ఒకటి, మర్నాడు రెండోది. కాపీ అయిన మరుక్షణం వైరు పీకేయాలి. ఒకటి ఎప్పుడూ యజమాని ఇంట్లో బీరువాలో ఉంటుంది. వైరు పీకడం దగ్గరే నేను అంత పట్టుబట్టడానికి కారణం ఉంది. 2017 జూన్‌లో మెర్స్క్ అనే పెద్ద ఓడల కంపెనీకి ఇలాంటి దెబ్బే తగిలింది. ముంబై దగ్గర జేఎన్‌పీటీ రేవులో కూడా వాళ్ళ టెర్మినల్ ఆగిపోయింది. నెట్‌వర్క్ మొత్తానికి ప్రాణం లాంటి డేటా ఒక్కో ఊళ్ళో ఒక్కో సర్వర్‌లో ఉంటే, అన్నీ ఒకేసారి తుడిచిపెట్టుకుపోయాయి. ఒక్కటి మిగిలింది. ఆఫ్రికాలో ఘానాలో. దాడి జరిగేసరికి అక్కడ కరెంటు పోయి ఆ సర్వర్ ఆగిపోయి ఉంది. కంపెనీని మళ్ళీ నిలబెట్టింది ఆ ఒక్క కాపీయే. మనం కరెంటు పోయేదాకా ఆగక్కర్లేదు, వైరు పీకితే చాలు.

అంతకన్నా ముఖ్యం, తెరిచి చూడటం. బ్యాకప్ ఉందని చెప్పే పదిమందిలో దాన్ని ఇంకో కంప్యూటర్‌లో పెట్టి తెరిచి చూసినవాళ్ళు నాకు ఒకరిద్దరు కూడా కనపడలేదు. నేను చేసేది ఇది. మూడు నెలలకోసారి నిన్నటి బాకీదారుల జాబితాను ప్రింట్ తీసుకుంటాను. డిస్కును నా లాప్‌టాప్‌కు పెట్టి డేటా తెరిచి అదే జాబితా తీస్తాను. కింద మొత్తం పైసలతో సహా కలవాలి. ఒక బట్టల షాపులో కలవలేదు. చూస్తే ఎనిమిది నెలలుగా పాత సంవత్సరం ఫోల్డరే కాపీ అవుతోంది. ఆ యజమాని ముఖంలో రంగు పోయింది. సరిచేసుకోవడానికి పావుగంట పట్టింది.

దెబ్బ తగిలిన రోజు గురించి కూడా చెప్పాలి, ఎందుకంటే మన దగ్గర ముందు వచ్చే మాట "ఫార్మాట్ కొట్టేద్దాం". వద్దు. నెట్ వైరు పీకండి, వైఫై ఆపండి, పక్క కంప్యూటర్లను విడదీయండి. చీటీని ఫోన్‌తో ఫొటో తీయండి. తాళం పడిన ఫైళ్ళను ఒక డిస్కులో భద్రంగా ఉంచండి. యూరప్ పోలీసులు, సెక్యూరిటీ కంపెనీలు కలిసి 2016 నుంచి నడుపుతున్న నో మోర్ రాన్సమ్ అనే సైట్‌లో కొన్ని రకాలకు ఉచితంగా తాళంచెవులు దొరుకుతాయి. ఈ రోజు లేనిది రెండేళ్ళకు రావచ్చు. అన్ని పాస్‌వర్డ్‌లూ, ముఖ్యంగా బ్యాంకువీ, మెయిల్‌వీ వేరే ఫోన్ నుంచి మార్చండి. ఈ రకం వైరస్ వెంట పాస్‌వర్డ్‌లు దోచే ఇంకో ప్రోగ్రామ్ కూడా చాలాసార్లు వస్తుంది. కేంద్ర ప్రభుత్వ సైబర్‌క్రైమ్ పోర్టల్‌లో ఫిర్యాదు పెట్టండి. డబ్బు కూడా పోయి ఉంటే ఆలస్యం చేయకుండా 1930కి ఫోన్ చేయండి. కంపెనీలు అయితే ఆరు గంటల్లోపు సెర్ట్-ఇన్‌కు, అంటే కంప్యూటర్ దాడుల సంగతి చూసే కేంద్ర ప్రభుత్వ సంస్థకు, తెలియజేయాలని 2022 నుంచి నిబంధన ఉంది. వాళ్ళ టోల్ ఫ్రీ 1800-11-4949. ఈ నంబర్లు కంప్యూటర్‌లో రాసుకోవద్దు. గోడకు అంటించండి.

మిమ్మల్ని అడిగేది పెద్దదేం కాదు. నెలనెలా జరిగే మీటింగ్‌లో అరగంట దీనికి ఇవ్వండి. దెబ్బ తిన్నవాళ్ళు పేరు చెప్పక్కర్లేదు. ఏ దారిన వచ్చింది, ఏం పోయింది, అంతవరకు చెప్పినా చాలు. వాళ్ళు చెప్పిన దాన్ని ఆ గది దాటించి బ్యాంకులకో, పార్టీలకో మోయబోమని పెద్దలు నలుగురి ముందు మాటివ్వండి. ఆ మాట మీ నోటి నుంచి వస్తేనే వాళ్ళకు ధైర్యం. సర్వీస్ కుర్రాళ్ళను కూడా పిలవండి. విజిట్‌కు మూడొందలు చేతిలో పెట్టి, లైసెన్స్ కొనకుండా, ఏదో ఒకటి చెయ్ అని మనమే అంటున్నాం. తప్పు జరిగితే వాణ్ణొక్కడినే నిలబెడుతున్నాం. పది మంది సభ్యులు కలిసి ఒక అబ్బాయికి నెల జీతం లెక్కన ఇచ్చి, చోటుకొక పాస్‌వర్డ్ పెట్టమని, రిమోట్ తలుపులు పని అయ్యాక మూయమని రాతపూర్వకంగా అడగొచ్చు. లైసెన్సులూ డిస్కులూ సంఘం తరఫున కలిపి కొంటే ఖర్చూ తగ్గుతుంది.

ఇంకొకటి, ఆదివారం. మామిడి మొదలయ్యేలోపు, అంటే ఏప్రిల్‌లో, ఫ్యాక్టరీల వాళ్ళకు చిత్తూరులో ఒకటి. బ్రహ్మోత్సవాల రద్దీకి ముందు లాడ్జిల వాళ్ళకు తిరుపతిలో ఒకటి. మీ సంఘం హాలు, నాలుగు బల్లలు, కరెంటు ప్లగ్గులు ఇస్తే చాలు. ఎవరి బ్యాకప్ డిస్కు వాళ్ళు తెచ్చుకుంటారు, నిన్నటి జాబితా ప్రింట్ కూడా. నేను రెండు ఖాళీ లాప్‌టాప్‌లు తెస్తాను, నాతోపాటు ఎంట్రీలు కొట్టిన ఆ ఇద్దరు పిల్లలూ వస్తారు. డబ్బులేమీ అక్కర్లేదు. ఆ సర్వీస్ అబ్బాయిని కూడా అడిగాను. వస్తానన్నాడు, ఆ రోజు ఏం జరిగిందో అందరి ముందూ తానే చెబుతానన్నాడు.

తేదీ మీరు చెప్పండి.

ఇట్లు,
మీ లెక్కలు రాసే ఒక అకౌంటెంట్,
తిరుపతి